దస్తావేజులో నీటి తొట్టి

మిర్యాలగూడలో ఆ ఇంటి గేటుకు అంటించిన కాగితాన్ని ముందు చూసింది మా ఆయన. దామరచర్ల దగ్గర కరెంటు ప్లాంటులో ఆయన ఉద్యోగం. వారానికి ఆరు రోజులు సూర్యాపేట నుంచి మిర్యాలగూడ మీదుగా వెళ్లి వచ్చేవాడు. ఒకరోజు సాయంత్రం వచ్చీ రాగానే ఫోన్ తీసి ఫొటో చూపించాడు. తెల్ల కాగితం మీద స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాలు: "ఇల్లు అమ్మబడును. ఓనర్‌తోనే మాట్లాడగలరు. బ్రోకర్లు ఫోన్ చేయరాదు." కింద నంబరు. నంబరు కింద, చోటు చాలక ఇరికించినట్టు, ఇంకో మాట: "స్విమ్మింగ్ పూల్ కలదు."

"ఎవలో ఆటకు రాసినట్టున్నరు," అన్నాను.

"ఆట కాదు. గేటు సందులకెళ్లి సూశిన. నిజంగనే ఉన్నది."

పద్నాలుగేళ్లుగా మేము సూర్యాపేటలో కిరాయి ఇళ్లలోనే ఉన్నాం. నాలుగు ఇళ్లు మారాం. సొంతిల్లు కొందామని ఆరేళ్లుగా తిరుగుతున్నాం గానీ ప్రతిసారీ మధ్యలో ఒక బ్రోకరు ఉండేవాడు. ఒకాయనైతే ఒకే ఇంటిని ఒకే ఉదయం మాకూ ఇంకో రెండు కుటుంబాలకూ కలిపి చూపించాడు. వంటగదిలో మేము, హాల్లో ఒకరు, మెట్ల మీద మరొకరు. ఎవరికి వారిని పక్కకు పిలిచి "ఇంకో పార్టీ రెడీగ ఉన్నది" అని చెవిలో చెప్పాడు. ఆ రోజు నుంచి మా ఆయనకు బ్రోకరు అన్న మాట వింటేనే చిరాకు. కాబట్టి ఆ కాగితంలో ఆయనకు నచ్చింది స్విమ్మింగ్ పూల్ కాదు, దాని పైన ఉన్న మాట.

ఆ ఏడాది బదిలీల్లో నాకు మునగాల దగ్గరి హైస్కూలు నుంచి మిర్యాలగూడ పక్కనున్న బడికి మార్పు వచ్చింది. మా అమ్మాయి ఇంటర్ పూర్తి చేసి హైదరాబాద్‌లో హాస్టల్‌కు వెళ్లిపోయింది. సూర్యాపేటలో మమ్మల్ని పట్టి ఉంచేది అలవాటు తప్ప ఇంకేమీ లేదు.

మర్నాడు నేనే ఫోన్ చేశాను. అవతల పెద్దాయన గొంతు.

"మీరు బ్రోకరా అమ్మా?"

"కాదు సార్. టీచర్‌ను."

"ఏం సబ్జెక్టు?"

"లెక్కలు."

"అయితే ఆదివారం రండి. నేను కోదాడ నుంచి వస్తాను," అని పెట్టేశాడు.

ఆయనకు డెబ్బై దగ్గర ఉంటాయి. ఒకప్పుడు రోడ్లకు కంకర సప్లై చేసే కాంట్రాక్టరు. మిర్యాలగూడలో ఇరవై ఏళ్లకు పైగా ఉండి, రెండేళ్ల కింద కోదాడలో ఒక అపార్ట్‌మెంట్‌లోకి మారారు. అప్పటి నుంచి ఈ ఇల్లు ఖాళీ. కారు తనే నడుపుకుంటూ వచ్చి, తాళం తీసి, గదులన్నీ ఓపికగా చూపించాడు. రెండు పడకగదులు, ఒక పెద్ద హాలు, వంటగది పక్కన సామాన్ల గది. తలుపులన్నీ టేకు. ఒక్కొక్క తలుపునూ తట్టి ఆ చప్పుడు మాకు వినిపించాడు.

వెనక వైపు తలుపు తీశాక మాత్రం ఆయన పక్కకు జరిగి నిలబడ్డాడు. ముప్పై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు. నీలం టైల్స్. ఒక కొసన నడుము లోతు, ఇంకో కొసన మనిషి మునిగే లోతు అని ఆయనే చెప్పాడు. అడుగున వాననీళ్లు ఆకుపచ్చగా ఉన్నాయి. కప్ప ఒకటి మమ్మల్ని చూసి వేపాకుల కిందికి పోయింది. చుట్టూ ప్రహరీ గోడ తొమ్మిది అడుగుల ఎత్తు. అంత ఎత్తు గోడ ఆ వీధిలో ఇంకే ఇంటికీ లేదు.

"ఎవరు ఈదేటోళ్లు సార్?" అని అడిగాను.

"మా ఇంట్లోవాళ్లు," అన్నాడు. పిల్లలు కాబోలు అనుకున్నాను.

"మరి రెండేండ్ల సంది ఎందుకు అమ్ముడుపోలేదు?" అని మా ఆయన సూటిగానే అడిగాడు.

"చూట్టానికి చాలామంది వస్తారు. దీని పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. వెళ్లిపోతారు. కొనేవాళ్లకు కారు పెట్టుకునే జాగా కావాలి, తులసి కోట పెట్టుకునే జాగా కావాలి. ఇది అడ్డం."

ధర మాకు అందేలా ఉంది. అందేలా ఉండటానికి కారణం ఆ గొయ్యే అని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు.

అడ్వాన్స్ ఇచ్చే ముందు మా నాన్నను తీసుకెళ్లి చూపించాను. తుంగతుర్తి అవతల మా ఊరు. ఆయన జన్మంతా గొర్లు కాశాడు. గోడలను కర్రతో తట్టాడు, బోరు ఎంత లోతు అని అడిగాడు. తర్వాత ఆ గొయ్యి దగ్గర గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

"ఇండ్ల ముప్పై గొర్లను ఒక్కపారి కడగొచ్చు," అన్నాడు చివరికి.

"మాకు గొర్లు ఎక్కడివే నాయనా?"

"అయితే పూడ్పియ్యి బిడ్డా. వానకాలం పాములు జేరుతయ్."

మా ఆయనదీ అదే మాట. నాదీ అదే. నాకు ఈత రాదు. మా ఊళ్లో మగపిల్లలు వీపుకు బెండు కట్టుకుని బావిలో దూకేవారు. ఆడపిల్లలం గట్టు మీద కూర్చుని వాళ్ల బట్టలకూ గొర్లకూ కాపలా ఉండేవాళ్లం. దాని గురించి నాకు బాధ ఉండేదని చెప్పలేను. ఈత అనేది మాకు సంబంధించిన విషయం కాదు, అంతే.

మాటలు ఖాయం చేసుకోవడానికి కోదాడ వెళ్లాం. బస్సులో మా ఆయన రెండుసార్లు చెప్పాడు: "పూడ్పిస్తమని ఆడ అనకు. పెద్దమనిషి మనసు ఎట్లుంటదో. ముందుగాల పని కానీ." నేను సరేనన్నాను.

అపార్ట్‌మెంట్ రెండో అంతస్తు. తలుపు తీసింది ఆయన భార్య. అరవై ఐదేళ్లు ఉంటాయేమో. పొట్టి మనిషి, కానీ భుజాలు వెడల్పు, చేతులు బలంగా ఉన్నాయి. మగవాళ్లు ఇద్దరూ హాల్లో ధర గురించి మాట్లాడుతుంటే ఆమె నన్ను వంటింట్లోకి పిలిచింది. టీ గిన్నె పొయ్యి మీద పెట్టి, నా వైపు తిరగకుండానే అడిగింది.

"ఏం టీచరమ్మా, దాన్ని పూడ్చేస్తారా?"

సిద్ధం చేసుకున్న అబద్ధం ఒకటి ఉంది. అది నోట్లోకి రాలేదు. రోజూ పిల్లలను నిజం చెప్పమని అడిగే ఉద్యోగం కావడం వల్ల కాదు. ఆమె అడిగిన తీరులో అబద్ధానికి చోటు లేదు.

"ఔనమ్మా. పూడ్పిద్దామనుకుంటున్నం. మా ఇంట్ల ఎవరికీ ఈత రాదు."

ఆమె టీ పొడి వేసి మంట తగ్గించింది.

"ఇంతకు ముందు వచ్చినవాళ్లంతా అట్లాగే ఉంచుకుంటామన్నారు. ఒకాయనైతే తానే నేర్చుకుంటానన్నాడు. వంగి చెప్పులు విప్పుకోవటానికే ఆయాసపడ్డాడు పాపం."

"ఇంట్లోవాళ్లు ఈదేటోళ్లని సార్ అంటె పిల్లలనుకున్న..."

"ఏ పిల్లలు? ఈదేదాన్ని నేనేగా." ఆమె నవ్వింది. "మా పుట్టిల్లు ఇక్కడికి దగ్గరే. మధ్యాహ్నం మగవాళ్లు పొలం నుంచి ఇళ్లకు పోయాక మా మేనత్త ఆడపిల్లలందర్నీ బావిలోకి దింపేది. పదేళ్లకే వచ్చేసింది నాకు. పెళ్లయ్యాక ఇరవై ఏళ్లు నీళ్లలో దిగలేదు. ఆ ఇల్లు కట్టేటప్పుడు ఏం కావాలో చెప్పమంటే ఇది కావాలన్నాను. కట్టాడు. పక్క డాబాల మీద జనం నిలబడి చూస్తుంటే గోడ లేపాడు."

ఇల్లు ఆమె పేరు మీదే ఉందన్న సంగతి అప్పుడే తెలిసింది. ఆమె సంతకం లేకుండా ఏమీ కదలదు. తిరుగు బస్సులో, ఆమెతో నిజం చెప్పేశానని విని మా ఆయన కోదాడ నుంచి మునగాల దాకా మాట్లాడలేదు. మునగాల దాటాక "ఇగ ఖతం," అన్నాడు.

ఇరవై రోజులు ఫోన్ రాలేదు. మేము సూర్యాపేటలోనే ఇంకో ఇల్లు చూసి వచ్చాం. ఆ తర్వాత ఒక ఉదయం ప్రార్థన గంట కొట్టే సమయానికి ఆయన ఫోన్ చేశాడు.

"మీకే ఇద్దామంటున్నారమ్మా మా ఇంట్లోవాళ్లు," అన్నాడు. కారణం ఆయనకూ తెలియనట్టే ఉంది.

తర్వాతి పనులు మధ్యవర్తి లేకుండా మేమే చేసుకున్నాం. పాత కాగితాల నకళ్లు తీయించడం, ఇంటి మీద అప్పులేమీ లేవని ఈసీ తీయించడం, బ్యాంకు లోను. బ్యాంకు తరఫున విలువ కట్టడానికి వచ్చిన ఇంజనీరు టేపుతో ఇల్లంతా కొలిచి, వెనక్కి వచ్చి, పూల్ ముందు పెన్ను మూసేశాడు. "దీనికి మా ఫారంలో కాలమ్ లేదు మేడమ్," అన్నాడు. చివరికి దాని విలువ సున్నా అని రాసి, పూడ్చడానికి అయ్యే ఖర్చును ఇంటి విలువలోంచి తీసేశాడు.

దస్తావేజు రాసే ఆయనకు కూడా అదే చిక్కు. మిర్యాలగూడ రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా చిన్న షాపు. హద్దులు, గదులు, బోరు అన్నీ టైపు చేసి ఆగిపోయాడు.

"మున్సిపాలిటీ ప్లానుల ఇది లేదు సార్. స్విమ్మింగ్ పూల్ అని రాస్తే ఆఫీసుల అడుగుతరు. ఏం రాయమంటరు?"

పెద్దాయన, మా ఆయన ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నీటి తొట్టి అని రాయి బాబూ," అంది ఆమె. "పెద్దది అని మాత్రం రాయకు."

అలాగే రాశాడు. ఆమె వేలిముద్రలు పెట్టింది, కెమెరా ముందు కూర్చుని ఫొటో దిగింది, సంతకాలు చేసింది. ముఖంలో ఏమీ లేదు. బయటికి వచ్చాక తాళాల గుత్తి నా చేతిలో పెట్టి ఒక్క మాట చెప్పింది: "పూడ్చేదాకా బ్లీచింగ్ వేస్తుండండి. లేకపోతే దోమలు."

దసరా సెలవుల్లో ఇల్లు మారాం. మారిన వారానికే మేస్త్రీని పిలిపించాం. ఆయన లోపలికి దిగి, అడుగు భాగం సుత్తితో కొట్టి చూసి, పైకి వచ్చి బీడీ ముట్టించాడు.

"ఊకె మట్టి పోస్తే కాదు సార్. కింద కాంక్రీటు పగలగొట్టాలె. లేకుంటె నీళ్లు లోపల్నే నిలవడి ఇంటి పునాదికి పడ్తది. మొరం ట్రాక్టర్లు మస్తు గావాలె. ట్రాక్టరు ఈ గేట్ల పట్టదు. గోడ పగలగొట్టాలె. లేదంటె తట్టలతోని మోయాలె."

"ఎన్ని రోజులు?"

"మీకు తొందర లేకుంటె చేస్త," అన్నాడు. అది పని ఇష్టం లేని మేస్త్రీ మాట. ఇల్లు కొన్న ఏడాదే గోడ పగలగొట్టించడానికి మాకూ మనసు రాలేదు. సంక్రాంతి దాటాక చూద్దామనుకున్నాం. పాత నీళ్లు తోడించి, కడిగించి, వట్టిగా ఉంచాం. వట్టిగా ఉన్నప్పుడు అది ఇంకా పెద్దగా కనిపించేది.

డిసెంబరులో ఆమె ఫోన్ చేసింది.

"పూడ్చారా?"

"ఇంకా లేదమ్మా."

"అయితే నీళ్లు నింపండి. మీ బోరులో నీళ్లు పుష్కలంగా ఉంటాయి ఈ నెలల్లో. ఆదివారం వస్తాను."

నేను కాదనాల్సింది. ఇల్లు మాది. కానీ ఆమె అడగలేదు, చెప్పింది. శనివారం మధ్యాహ్నం మోటారు వేశాను. రాత్రికి సగం నిండింది. మా ఆయన చూసి, "అమ్మిన ఇంట్ల ఆమెకేం పని?" అన్నాడు. నేను మోటారు ఆపలేదు.

ఆదివారం పదిన్నరకు ఆమె బస్సు దిగి ఆటోలో వచ్చింది. చేతిసంచిలో పాత పంజాబీ డ్రెస్సు, తువ్వాలు, కొబ్బరినూనె సీసా. బట్టలు మార్చుకుని, జుట్టు బిగించి ముడేసుకుని, మెట్ల మీంచి ఒక్కొక్క అడుగే లోపలికి దిగింది. చలికాలం నీళ్లు. ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. తర్వాత ముందుకు వంగి వెళ్లిపోయింది. చప్పుడు లేదు. నీళ్లు చిమ్మలేదు. నేను టీవీలో చూసిన ఈతలా లేదు. నిదానంగా పొలం గట్టు మీద నడిచినట్టు అటు కొసకు వెళ్లి, ఇటు కొసకు వచ్చింది. ఇంట్లో కూర్చున్న మా ఆయన కిటికీ దగ్గరికి వచ్చి కాసేపు నిలబడి వెళ్లాడు. చూసినట్టు ఒప్పుకోలేదు.

భోజనం చేసి, మూడు గంటల బస్సుకు వెళ్లిపోయింది. తర్వాతి ఆదివారం కూడా వచ్చింది.

"మాకే ఎందుకిచ్చిన్రమ్మా ఇల్లు?" అని ఆ రోజు అన్నం వడ్డిస్తూ అడిగాను. "పూడ్పిస్తమని మొహం మీదనే చెప్పిన కద."

"నిజం చెప్పారు, అందుకే ఇచ్చాను. పైగా దాన్ని పూడ్చటం అంత తేలిక కాదని నాకు తెలుసు. మా ఆయన రెండుసార్లు మేస్త్రీలను పిలిపించాడు. ఇద్దరూ పారిపోయారు."

మీ ఆయన ఎందుకు పూడ్పించాలనుకున్నారు అని నేను అడగలేదు. అప్పుడు అడిగి ఉండాల్సింది.

మూడో ఆదివారం నన్ను దిగమంది. నలభై ఆరేళ్ల వయసులో, కళ్లద్దాలు తీసేసి, మా అమ్మాయి వదిలిపోయిన చుడీదారు వేసుకుని మెట్ల మీద కూర్చున్నాను. ఆ రోజు ఆమె ఏమీ నేర్పలేదు. మెడ దాకా నీళ్లలో ఊరికే కూర్చోబెట్టింది. ఆ తర్వాతి వారం ముఖం ముంచి నోటితో గాలి వదలమంది. ఆ పై వారం గట్టు పట్టుకుని కాళ్లు ఆడించమంది. "నీళ్లతో కొట్లాడతావేంటి? నువ్వు కొడితే అది కొట్టదా?" అనేది. క్లాసులో నేను కూడా అంత ఓపికగా చెప్పను. కళ్లద్దాలు లేక అవతలి కొస మసకగా కనిపించేది. అది ఎంత దూరమో తెలియకపోవడం నాకు మేలే చేసింది.

వెల్లకిలా తేలడం వచ్చింది. చెవుల్లోకి నీళ్లు వెళ్లాక వీధి చప్పుళ్లన్నీ ఆగిపోయి నా ఊపిరి ఒక్కటే వినిపించేది. మా ఇంటి పైన ఆకాశం ఎంత ఉందో అప్పటి దాకా నేను చూడలేదు.

ఎనిమిదో ఆదివారమో తొమ్మిదో ఆదివారమో, నేను మెట్ల మీద ఉండగా, ఆమె నీళ్లలో ఉండగా మా ఆయన ఫోన్ పట్టుకుని వెనక తలుపులో నిలబడ్డాడు. ఆయన ముఖం మామూలుగా లేదు.

"కోదాడ సార్ ఫోన్ చేసిండు. వాళ్ల మేడం మనింటికి వచ్చిందా అని అడుగుతుండు. వచ్చిందని చెప్పిన. వస్తున్న అని పెట్టేసిండు."

ఆమె గట్టు పట్టుకుని ఆగింది. ప్రతి ఆదివారం మిర్యాలగూడలో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్తున్నానని ఆమె ఇంట్లో చెప్పిందని అప్పుడు తెలిసింది. ఆ ఉదయం చెల్లెలే కోదాడకు ఫోన్ చేసి, అక్క ఎట్లా ఉంది, చూసి చాలా రోజులైంది అని అడిగిందట.

"రానీ," అంది ఆమె. మళ్లీ అవతలి కొసకు ఈదింది.

ఆయన గంటన్నరలో వచ్చాడు. అప్పటికి ఆమె ఒళ్లు తుడుచుకుని, చీర కట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది. జుట్టు తడిగా ఉంది. ఆయన అరవలేదు. నా వైపే చూసి అడిగాడు.

"గుండెలో స్టెంట్ ఉందమ్మా ఆమెకి. మీకు చెప్పిందా?"

నేను ఆమె వైపు తిరిగాను.

"చెప్తే రానిస్తారా?" అంది ఆమె.

ఆయన నిలబడే అంతా చెప్పాడు. మూడేళ్ల కింద ఒక ఉదయం ఆమె ఈ నీళ్లలోనే గట్టు పట్టుకుని పైకి రాలేక ఉండిపోయింది. ఆయన లేచి చూసేసరికి పెదాలు నల్లబడ్డాయి. సూర్యాపేట దవాఖానకు తీసుకెళ్లారు. స్టెంట్ వేశారు. ఇంటికి వచ్చాక ఆయన నీళ్లు తీయించేశాడు. ఆయన ఊరికి వెళ్లిన రోజు ఆమె మళ్లీ నింపింది. పూడ్పిద్దామంటే మేస్త్రీలు ఒప్పుకోలేదు. చివరికి ఇల్లే వదిలి కోదాడ తీసుకుపోయాడు.

"ఇల్లు అమ్మింది దేనికనుకున్నారు మీరు?" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఆయన మీద కాదు, ఆమె మీద. "అమ్మా, మా ఇంట్ల మీకేమన్నయితే మేం ఎవరికి ఏం చెప్పాలె?" అన్నాను. ఆమె లేచి, సంచి తీసుకుని వెళ్లి కారులో కూర్చుంది. వండిన అన్నం అట్లాగే ఉంది.

ఆ తర్వాత నెలన్నర ఫోన్ లేదు. మా ఆయన మళ్లీ మేస్త్రీ మాట ఎత్తాడు. "వేసవి సెలవులల్ల సూద్దాం," అన్నాను. బడికి వెళ్లే ముందు నేను ఒక్కదాన్నే దిగి గట్టు పట్టుకుని కాళ్లు ఆడించేదాన్ని. గట్టు వదిలి పక్క గట్టుకు వెళ్లబోయి, మధ్యలో భయపడి నిలబడిపోయేదాన్ని. నడుము లోతే కాబట్టి ప్రమాదం లేదు. ఎందుకు ఆగిపోతున్నానో చెప్పేవాళ్లు మాత్రం లేరు.

ఒక శనివారం బడి నుంచి తిన్నగా కోదాడ బస్సెక్కాను. ఆయనే తలుపు తీశాడు. ఆమె లోపలి గదిలో పడుకుని ఉంది. నిద్ర కాదు, గోడ వైపు తిరిగి ఉంది అంతే.

"తింటం తగ్గించింది," అన్నాడాయన నెమ్మదిగా. "గుడికి రమ్మన్నా రాదు."

"సార్, ఈత వద్దని డాక్టరే చెప్పిండా?"

"చెప్పాడమ్మా. స్టెంట్ వేసిన రోజే చెప్పాడు."

"తర్వాత మళ్లా అడిగిన్రా?"

ఆయన నన్ను చూశాడు. "అడిగేదేముంది? మందులు వాడుతూనే ఉన్నాం. ఇక్కడే షాపులో తెస్తున్నాను."

వచ్చే బుధవారం ముగ్గురం కలిసి సూర్యాపేట వెళ్దామని ఒప్పించడానికి గంట పట్టింది. నేను సెలవు పెట్టాను. డాక్టరు ఆమెను పరీక్షించి, ఈసీజీ తీయించి, ఇంకేవో పరీక్షలు రాశాడు. మధ్యాహ్నానికి కాగితాలన్నీ వచ్చాయి. పాత ఫైలు కూడా తెరిచి చూశాడు.

"బాగనే ఉన్నది. ఇన్ని రోజులు ఎందుకు రాలేదు?" అని అడిగి, "నడుస్తున్నరా అమ్మా?" అన్నాడు.

"ఈదుతాను," అందామె. "వీళ్లు వద్దంటున్నారు."

"ఎవరు వద్దన్నది?"

"మీరే సార్," అన్నాడాయన. "ఆ రోజు మీరే చెప్పారు."

డాక్టరు ఫైలు ఆయన వైపు తిప్పాడు. "ఆరు వారాలు వద్దన్న. గీడ రాసిన సూడుండ్రి. ఆరు వారాలకు మళ్లా రమ్మన్న. మీరు రాలేదు." తర్వాత ఆమెతో, "ఒక్కదానివి దిగొద్దు. చన్నీళ్లల్ల దిగొద్దు. ఎండ పొద్దుకు నీళ్లు వేడెక్కినంక మెల్లగ. ఆయాసం వస్తే ఆపాలె," అన్నాడు. అదంతా చీటీ మీద రాసి కూడా ఇచ్చాడు.

ఆయన ఆ చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాడు. బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. చాలాసేపు లేవలేదు. ఆరు వారాల మాట కోసం ఆయన ఇల్లు వదిలాడు, ఊరు మారాడు, మాకు అమ్మేశాడు. ఆమె ఏమన్నా అంటుందేమోనని నేను కొంచెం దూరంగా నిలబడ్డాను. ఆమె ఆయన పక్కన కూర్చుని, "ఆకలేస్తుంది. పదండి," అంది. బస్టాండు దగ్గర హోటల్లో ముగ్గురం భోజనం చేశాం. ఆమె పెరుగన్నం రెండోసారి అడిగి పెట్టించుకుంది.

ఏప్రిల్ మొదటి ఆదివారం ఇద్దరూ కారులో వచ్చారు. పదకొండు దాటాక, నీళ్లు చేతికి గోరువెచ్చగా తగిలాక ఆమె దిగింది. నేను నడుము లోతులో నిలబడ్డాను. ఆయన గట్టు మీద కుర్చీలో, చీటీ జేబులోనే. మూడుసార్లు అటూ ఇటూ వెళ్లి, చాలని తనే ఆగింది. ఆయాసం లేదు. తర్వాత నా వంతు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు, పదిహేను అడుగులు. "ఊపిరి బిగబడుతున్నావ్. అందుకే మునుగుతున్నావ్. వదులు," అంది. రెండోసారికి గట్టు నా చేతికి తగిలింది. కిటికీలోంచి చూస్తున్న మా ఆయన ఈసారి బయటికే వచ్చి నిలబడ్డాడు. "నాగ్గూడ రేపో మాపో నేర్పుండ్రి," అన్నాడు ఆమెతో. ఆమె ఆయన పొట్ట వైపు ఒకసారి చూసింది.

భోజనాల దగ్గర పెద్దాయన చేయి కడుక్కోకుండానే ఆగి, మా ఆయనను చూసి గొంతు సవరించుకున్నాడు.

"ఒక మాట అడుగుతాను. తప్పుగా అనుకోవద్దు. మీరు ఇచ్చిన దానికి పైన కలిపి ఇస్తాను. ఇల్లు మళ్లీ మాకే ఇచ్చేస్తారా? మధ్యలో ఎవ్వరూ లేకుండా, మనలో మనమే."

మా ఆయన నా వైపు చూశాడు. ఆ చూపులో ఆశ కూడా ఉంది. లోను కట్టేది ఆయన జీతంలోంచి.

నేను అనుకోకుండానే, "ఇయ్యం సార్," అన్నాను. గొంతు అవసరానికి మించి గట్టిగా వచ్చింది. "ఆదివారం ఆదివారం రాండ్రి. ఇల్లు మాత్రం ఇయ్యం."

 ఆమె పళ్లెంలో మజ్జిగ పోసుకుంటూ, తల ఎత్తకుండా, "చెప్పానుగా మీకు, ఇవ్వదని," అంది. ఇంకొంచెం ఊరగాయ వేయమంది. వేశాను.